పండక్కి దాచిన తూటాలు

యాభై గజాల దూరంలో, ఫొటో తీయించుకోవడానికి నిలబడ్డట్టు పక్కకి తిరిగి నిలబడ్డ జింకను డొక్కలో కొట్టాడు రఘువీర్. ముంగాలి వెనక తగలాల్సిన గుండు మూరెడు వెనక్కి పోయింది. జింక నడుం వంచుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోయింది.

దమయంతికి అరికాలి మంట నెత్తికెక్కింది. చెల్లెలి మొగుడు కదా, ముచ్చటపడుతున్నాడు కదా అని వెంట తెచ్చుకుంటే ఇదా చేసే పని!

న్యూజెర్సీలో జింకల వేటకి రైఫిల్ పట్టుకెళ్ళనివ్వరు. షాట్‌గన్‌లో స్లగ్ అనే ఒంటి గుండు వేసుకుని కాల్చాలి. ఈ పొలం మిసెస్ క్లెమెంట్‌ది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఆవిడ చేత గేటు తీయించుకోవడానికి దమయంతి రెండేళ్ళు కంచెలు బాగుచేసింది, గడ్డిమోపులు మోసింది. ఆస్పత్రి ల్యాబ్‌లో వారమంతా నిలబడి పనిచేసి, శనివారం వచ్చి మళ్ళీ ఇక్కడ. ఇప్పటికి ఐదేళ్ళుగా ఇక్కడే వేటాడుతోంది. ఆవిడ షరతు ఒక్కటే. ఎవరైనా ముందు ఆవిడ కళ్ళెదుట కాగితం మీద మూడు కాల్చి చూపించాలి, మూడు చిల్లులూ అరచేతంత చోటులో పడాలి. కాగితం మీద ఏ తూటా కాల్చారో వేటకీ అదే. ఎవరిని వెంట తెస్తే వాళ్ళకి తెచ్చినవాళ్ళదే పూచీ.

రఘువీర్ రెండు వారాల క్రితం చక్కగా కాల్చాడు. మూడు చిల్లులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పడ్డాయి. అంత బాగా కాల్చిన చేయి ఇవాళ ఇంత తప్పు ఎలా కొట్టింది? దమయంతి అతని తుపాకీ తీసుకుని తెరిచింది. బయటికొచ్చిన తూటాని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఇదేంటి రఘూ? ఇవి కాదుగా మొన్న కాల్చింది!"

"అవి చవకరకం వదినా, ప్రాక్టీస్‌కి. ఇవి టాప్ క్వాలిటీ. సీజన్ ఓపెనింగ్ డే, వేట మొదటి రోజు కోసమని స్పెషల్‌గా దాచా. ఇవాళ పొద్దున్నే సీల్ ఓపెన్ చేశా."

ఎంత గర్వంగా చెప్పాడో! ఇంట్లో మంచి కంచాలు చుట్టాలకి, సొట్టవి మనకి. కొత్త చీర బీరువాలో, వెలిసిపోయింది ఒంటిమీద. ఆ బుద్ధి అమెరికా వచ్చినా, తుపాకీ పట్టినా పోలేదు మహానుభావుడికి.

"ఇది పెళ్ళికి కట్టుకునే పట్టుచీర అనుకున్నావా? నీ బ్యారెల్ లోపల నున్నగా ఉంటుంది. ఇవి లోపల మెలి తిరిగిన గాడులున్న బ్యారెల్ కోసం చేసినవి. ఆ గాడులు తిప్పితేనే సూటిగా పోతాయి. నీ దాంట్లో తిరగవు, గాల్లో పల్టీలు కొడతాయి. బాక్స్ మీద రాసే ఉంటుంది, చదవలేదా?"

"ఎక్కువ రేటుది కదా, ఇంకా బాగా పనిచేస్తుందనుకున్నా."

"అనుకున్నావు! కాగితం మీద ఒక్కటి కాల్చి చూస్తే ఏం పోయేది?"

"ఐదే ఉంటాయి వదినా బాక్స్‌లో. వేస్ట్ అవుతుందని..."

కాగితం మీద కాలిస్తే వేస్టట! జింక డొక్కలో దిగితే సద్వినియోగం కాబోలు!

డొక్కలో తగిలిన జింకను వెంటనే తరిమితే ఆగకుండా పరిగెడుతుంది, ఇక దొరకదు. మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. కూర్చున్నారు. రఘువీర్ చలి అన్నాడు, కాఫీ అన్నాడు. ఆ చెట్లలో అది ఎలా కొట్టుకుంటోందో తప్ప దమయంతికి ఇంకో ఆలోచన లేదు. తర్వాత ముళ్ళపొదల్లో వంగి, ఆకుల మీద నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ ఇంకో రెండు గంటలు నడిచారు.

వాగు ఒడ్డున దొరికింది. ఇంకా ప్రాణం ఉంది. తల ఎత్తి ఆమె వైపే చూసింది. దమయంతి తన తుపాకీతో ఒక్క దెబ్బకి దాని బాధ తీర్చి, అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది. చేతికి దొరికితే మరిదిని ఆ వాగులోనే ముంచేసేది.

"పోనీలే వదినా, దొరికిందిగా" అన్నాడతను. "ఆంటీకి మాత్రం మొన్నటి తూటాతోనే కొట్టానని చెబుదాం. ఆవిడకేం తెలుస్తుంది?"

గేటు దగ్గర మిసెస్ క్లెమెంట్ నిలబడే ఉంది. "పొద్దున ఒక చప్పుడు విన్నాను, మధ్యాహ్నం ఒకటి. మధ్యలో ఐదు గంటలు" అంది.

ఒక్క అబద్ధం చాలు, ఐదేళ్ళ పొలం దక్కుతుంది. దమయంతి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ జింక చూపు ఇంకా కళ్ళముందే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

ముసలావిడ అరవలేదు. "మాంసం తీసుకెళ్ళండి, పాడుచేయకండి. మళ్ళీ రావద్దు."

"ఇతన్ని ఇక తీసుకురానండి."

"నువ్వు కూడా, దమయంతీ. పూచీ నీది. అతని కాగితం చూశావు, జేబు చూడలేదు."

నేనేం చేశానని అరవాలనిపించింది. కానీ ఆ జేబు చూడని మాట నిజం. వెనక గేటు గొలుసు పడిన చప్పుడు వింటూ కారెక్కింది.

"నిజం చెప్పి అనవసరంగా పోగొట్టుకున్నావు వదినా" అన్నాడు రఘువీర్ సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ. "సర్లే, వేరే ఫామ్ చూద్దాం. ఇంకా నాలుగు మిగిలాయి, వచ్చే ఏడాదికి దాస్తా."

దమయంతి అతని ఒళ్ళోని డబ్బా లాక్కుని తన కోటు జేబులో వేసుకుంది.

"వచ్చే శనివారం షూటింగ్ రేంజ్‌కి రా. ఈ నాలుగూ కాగితం మీద కాలుస్తావు. ఎక్కడెక్కడ తగులుతాయో నీ కళ్ళతో నువ్వే చూస్తావు. అప్పటిదాకా నన్ను వదినా అని పిలవకు."