తాలుకాయల దిష్టి

భారతీదేవికి కడుపు మండిపోతోంది. మరి మండదూ? వారం రోజులుగా జగ్గయ్యపేటలో వేరే కబురే లేదు. కాఫీ హోటల్లో ప్రమీలారాణి, నూతి దగ్గర ప్రమీలారాణి, ఆఖరికి అన్నం ముందు కూర్చుని మొగుడు బసవయ్య మాట్లాడేదీ ప్రమీలారాణి గురించే. "మా మరదలు మొన్న మన కళ్ళం మీదుగానే విమానం తోలుకుపోయిందండి" అని బసవయ్య మిరపకాయల బేరానికి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. తోలింది పక్కన కూర్చున్న మాస్టారని, ప్రమీల ఇంకా నేర్చుకుంటోందని భారతి సర్దబోయింది. "నీకెందుకే అంత మంట" అన్నాడాయన నవ్వుతూ. నవ్వుతూ అన్నా తగలాల్సిన చోటే తగిలింది.

ఆ మంటకి కారణం లేకపోలేదు. ప్రమీల భారతి బాబాయి దశరథరామయ్య కూతురు, వయసులో కాస్త చిన్న. ఇద్దరూ నందిగామలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదివారు. చీర కట్టుకుని విమానం నడిపిన ఒకావిడ బొమ్మ పత్రికలో ముందు చూసింది భారతి. దాన్ని కత్తిరించి ట్రంకుపెట్టె మూత లోపల అంటించింది భారతి. "నేనూ నడుపుతా" అన్నదీ భారతే. అప్పుడు ప్రమీల ఏమందో తెలుసా? "అమ్మో, నూతిలోకి తొంగిచూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి" అంది. తీరా చదువు అవగానే భారతికి పెళ్ళి చేశారు. ప్రమీలని బాబాయి హైదరాబాదు కాలేజీకి పంపాడు, అక్కణ్ణించి అది ఫ్లయింగ్ క్లబ్బుకి పోయింది. చీర ఎరువు తీసుకుంటే తిరిగి ఇమ్మని అడగొచ్చు. కోరిక ఎత్తుకుపోతే ఏమని అడుగుతాం?

ఊరిమీదుగా ఎగిరి వెళ్ళిన మర్నాడే ప్రమీలకి జ్వరం తగిలింది. తగ్గాక నీరసంగా ఊళ్ళోనే ఉన్న తండ్రి ఇంటికొచ్చింది. సోమవారం ఆమె పక్కన మాస్టారు లేకుండా మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. అక్కడే నాయనమ్మ పుల్లమ్మ అడ్డం పడింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు. దశరథరామయ్య తల నెరిసినా తల్లి ముందు నోరెత్తడు.

"దిష్టి తీయిస్తా. మిరపకాయలు ఘాటు కొట్టాయా, ఉత్తి జ్వరమే, వెళ్ళిరా. ఘాటు రాలేదా, దిష్టే. ఊరంతా నోరెళ్ళబెట్టి చూసింది, ఎవరి కన్నని పట్టుకుంటా? ఇక విమానం ఊసెత్తకుండా పెళ్ళి చేసుకో" అని తేల్చేసింది. దిష్టి తీయడానికి భారతిని రమ్మంది. కొత్త మిరపకాయలు వాళ్ళ కళ్ళంలోంచే తెమ్మంది.

భారతి కళ్ళానికి వెళ్ళేసరికి కూలికొచ్చిన పున్నమ్మ తాలుకాయలు ఏరుతోంది. రంగుపోయి తెల్లబడి, పస లేకుండా అయినవే తాలుకాయలు. ఇటు ఎర్రటి రాశి, అటు తాలుకుప్ప. భారతి చెయ్యి ఎర్రరాశి దాకా వెళ్ళి ఆగింది. ఆ క్షణాన ఆమెకి విమానంలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ప్రమీల మొహం తప్ప ఇంకేం కనబడలేదు. తాలుకుప్పలోంచి గుప్పెడు తీసింది. ఒక్కోదాన్నీ చీల్చి గింజలు కూడా దులిపేసింది.

"అయ్యి తాలుకాయలండమ్మా, దేనికండి?" అంది పున్నమ్మ.

"నీ పని చూసుకో" అని విసురుగా వచ్చేసింది భారతి.

పొద్దువాలేవేళ ప్రమీలని పెరట్లో పీట మీద కూర్చోబెట్టారు. బసవయ్య, దశరథరామయ్య అరుగు మీద కూర్చున్నారు. పుల్లమ్మకి చూపు ఆనదు కాబట్టి భారతి గుప్పిట్లో ఏముందో అడగలేదు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని ఆవిడ అందిస్తుంటే భారతి అంటూ చెయ్యి తిప్పుతోంది. "ఇంట్లోవాళ్ళ దిష్టి" అని ఆవిడ అందించింది. భారతి ఆ మాట నమిలి మింగేసి, గుప్పిట్లోవి కుంపట్లో వేసింది. ఉప్పు చిటపటలాడింది. కాయలు నల్లబడ్డాయి. ఒక్కళ్ళు తుమ్మితే ఒట్టు.

పుల్లమ్మ గట్టిగా ముక్కు ఎగబీల్చింది. "చూశావురా దశరథరామయ్యా? పిల్లని కళ్ళతోనే మింగేశారు. ఇక హైదరాబాదు లేదు, ఏమీ లేదు" అంది. దశరథరామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ప్రమీల ఏడవలేదు. పీట మీంచి లేవకుండా భారతి వైపు తిరిగింది. "అక్కా, నువ్వయినా చెప్పవే. పెట్టె మూత తెరిచి ఆ బొమ్మ నువ్వు చూపించబట్టేగా నేను వెళ్ళా. మొదటిసారి పైకి లేచినప్పుడు కళ్ళు మూసుకుని నిన్నే తలుచుకున్నా."

"నన్నెందుకు?"

"భయం లేనిదానివి నువ్వేగా."

ఈ మాట అనకపోయినా బాగుండేది. గెలిచాక సంతోషం రావాలి కదా, భారతికి రాలేదు. రేపో మాపో ప్రమీల కూడా పెళ్ళి చేసుకుని ఏ కళ్ళంలోనో తాలుకాయలు ఏరిస్తుంది. ఆపైన ఆకాశంలో చప్పుడైతే తలెత్తి చూసి కుళ్ళుకోవడానికైనా తనకంటూ ఎవరూ ఉండరు. ఇన్నాళ్ళూ తను కుళ్ళింది దేనికి?

"ఊళ్ళోవాళ్ళని అనకు నాయనమ్మా. ఆ దిష్టి నాది" అంది.

బసవయ్య అరుగు మీంచి లేచాడు. "ఏంటే నువ్వనేది?" అంది పుల్లమ్మ.

"కుళ్ళు నాయనమ్మా. ప్రమీల గుర్తొస్తే నాకు నిద్ర పట్టట్లా. నేను ఎక్కాల్సిన విమానం అది ఎక్కింది." తాలుకాయల సంగతి మాత్రం చెప్పలేదు. మరీ అంత మంచిదేం కాదు భారతి.

కొడుతుందనుకున్నారు అందరూ. పుల్లమ్మ తీరిగ్గా లేచింది. "ఎవరిదో తెలిశాక ఇంకేం? విరుగుడుంది. నీ కాలి కింద మట్టి తీసి ఉప్పులో కలుపు. కాయలు ఈసారి నేనే తెస్తా" అంది. వంటింట్లోకి వెళ్ళి ఎర్రకాయలు గుప్పెడు తెచ్చింది. మొగుడు చూస్తుండగా, బాబాయి చూస్తుండగా భారతి కాలెత్తి తన పాదం కింద మట్టి తనే గీరింది. సిగ్గుతో మొహం కందిపోయింది. "ఇంట్లోవాళ్ళ దిష్టి" అని ఈసారి అందరికీ వినబడేలా అంది.

కుంపట్లో వేయగానే పెరడంతా ఘాటు. బసవయ్య దగ్గుతూ వీధిలోకి పరిగెత్తాడు. "పోయింది, పీడ పోయింది. సోమవారం వెళ్ళవే" అంటూ పుల్లమ్మ తుమ్మీ తుమ్మీ నవ్వింది.

కళ్ళు తుడుచుకుంటూ ప్రమీల, భారతి దగ్గరికి వచ్చి గుప్పిట తెరిచింది. అందులో ఒక తెల్లటి తాలుకాయ ఉంది. "మొదటిసారి తిప్పుతుంటేనే నా ఒళ్ళో పడింది. గింజలు కూడా దులిపావేంటే" అంది మెల్లిగా.

"మరి నాయనమ్మకి చూపించలేదేం?"

"నువ్వే చెబుతావని. చెప్పకపోతే అప్పుడు చూపించేదాన్నిలే."

సోమవారం పొద్దున భారతి కళ్ళంలో నిలబడి హైదరాబాదు వైపు చూసింది. అంత దూరం ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది? కడుపులో మంట మాత్రం అట్లానే ఉంది. ముందది క్షేమంగా దిగితే చాలు, దిగాక కుళ్ళుకుంటా అనుకుంది.