పిడుగు గుంజ

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే నెరిడాకి కూర్చునే తీరిక ఉండదు. భూమికి దక్షిణపు కొసన వాళ్లుండే చోట అది నడి వేసవి. చెర్రీ చెట్లకి వలలు కప్పకపోతే పండంతా పిట్టల పాలు. రాస్‌బెర్రీలు రోజు విడిచి రోజు కోయాలి. బఠాణీ కాయలు ముదరకముందే తెంపాలి. తెల్లకోడి గుడ్ల మీద కూర్చుని ఇంకా వారం కాలేదు, దాన్ని కుక్క బెదరగొట్టకుండా చూసుకోవాలి. ఇవిగాక పొద్దునా సాయంత్రం ప్లమ్ పాలు పిండాలి. ప్లమ్ అంటే వాళ్ల ఎర్రావు. ఇదంతా ఏటా ఉండేదే. ఈ ఏడు గడ్డి పని కూడా వచ్చి ఆమె నెత్తిన పడింది.

దానికి కారణం మొగుడుగారు. ఇంటి చూరు వెంట వాననీళ్లు పోయే గొట్టంలో ఎండాకులు తీస్తానని నిచ్చెన ఎక్కి, నిచ్చెనతో సహా కిందికొచ్చాడు కెల్విన్. మడమ విరిగింది. ఇప్పుడు వసారాలో కుర్చీ వేసుకుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, దారిన పోయే ప్రతి కారుకీ చెయ్యి ఊపుతున్నాడు.

"ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉన్నావుగా, ఈసారి గడ్డి నువ్వే చూసుకో" అన్నాడు.

"చూసుకోవడమేంటి, నీకన్నా బాగా చేసి చూపిస్తా" అంది నెరిడా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వసారా రెండో చివర అల్లిక పని చేసుకుంటున్న అత్తగారు మావిస్ కళ్లజోడు పైనుంచి చూసింది. ఎనభై నాలుగేళ్ల మనిషి. మోకాళ్లు పనిచెయ్యవు గానీ నోరు మాత్రం నిన్న సాన పట్టినట్టుంటుంది.

"చూద్దాం, చూద్దాం. పోయినేడు ఇలాగే చూశాంగా" అంది.

పోయినేడు ఏమైందంటే, గడ్డి కోసి ఇంకా బాగా ఎండనీ అని ఆగితే రాత్రికి రాత్రి వాన కొట్టి పొలమంతా నల్లబడింది. ఆగుదామన్నది నెరిడాయే. ఆ ఒక్కమాట పట్టుకుని మావిస్ ఏడాది పొడుగునా దెప్పింది. క్రిస్మస్ భోజనం దగ్గర కూడా వదల్లేదు.

అందుకే ఈసారి నెరిడా ఆగలేదు.

సోమవారం మధ్యాహ్నం పక్క పొలం డగ్ కట్టలు కట్టే యంత్రం తగిలించుకుని ట్రాక్టరు తెచ్చాడు. కోసిన గడ్డి పొలంలో వరసలుగా ఎండుతోంది. మావిస్ కర్ర పోటేసుకుంటూ వచ్చి, ఒక గుప్పెడు తీసి, బట్ట పిండినట్టు మెలేసింది. కాడలు పుటుక్కుమని విరగాలి. విరగలేదు, వంగాయి.

"దీనికింకా ప్రాణం ఉంది. ఒక్కరోజు ఆగు" అంది.

"ఆ మబ్బు చూశారా మావిస్?" అని నెరిడా కొండ వైపు చూపించింది. కొండ నెత్తిన తలపాగా చుట్టినట్టు తెల్లటి మబ్బు.

"నేను కాపరానికొచ్చిన నాటినుంచీ ఆ మబ్బు రోజూ సాయంత్రం వస్తోంది. ఎప్పుడైనా ఒక్క చుక్క రాల్చిందా?"

నిజమే, రాల్చదు. సముద్రం మీంచి వచ్చే మంచు అది. ఆ సంగతి నెరిడాకీ తెలుసు. కానీ పోయినేటి దెప్పుళ్లు చెవిలో గింగురుమంటుంటే తెలిసింది కూడా తెలియకుండా పోతుంది మనిషికి. డగ్ ఇంజను ఆపకుండానే "ఇవాళా, రేపా? చెప్పమ్మా, నాకింకా రెండు పొలాలున్నాయి" అని తొందరపెట్టాడు.

"కట్టెయ్ డగ్" అంది నెరిడా.

మర్నాడు ఆకాశం పళ్లికిలించింది. ఒక్క చుక్క వాన లేదు. ఆపై నాలుగు రోజులూ లేదు. ఎండ మాత్రం, గడ్డి ఆరబెట్టుకోడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదన్నట్టు కాసింది. మావిస్ ఆకాశం వంక చూసి, తర్వాత నెరిడా వంక చూసి, అల్లికలో తల దూర్చింది. అదే తిట్టు.

మంగళవారం సాయంత్రానికి నూట ఇరవై కట్టలు కొట్టంలో దూలాల దాకా ఎక్కాయి. రాబోయే చలికాలమంతా మూడు ఆవులకి ఇదే తిండి. కొట్టం కెల్విన్ తండ్రి ఆల్ఫ్ కట్టింది. పాలు పిండే చోటూ అందులోనే, ఒక పక్కన. ఇంటికీ దానికీ మధ్య ఇరవై అడుగుల దూరం. తలుపు దగ్గర నల్లగా కాలిన పాత గుంజ ఒకటుంది. అంతకుముందున్న కొట్టం మీద పిడుగు పడి కాలిపోతే మిగిలింది అదొక్కటే. ఆల్ఫ్ దాన్ని పారెయ్యకుండా కొత్త కొట్టానికి వాడాడు. ఇంట్లో అందరూ పిడుగు గుంజ అంటారు. నెరిడా ముప్పై ఏళ్లుగా పాల బకెట్టు తగిలించేది దాని మేకుకే.

గురువారం పొద్దున బకెట్టు తీస్తుంటే వాసన తగిలింది. తియ్యటి వాసన. పంచదార పాకం అడుగంటబోయే ముందు వస్తుందే, అలాంటిది. కొత్త వాళ్లయితే ఆహా అని పీల్చుకుంటారు. నెరిడా మాత్రం బకెట్టు కింద పెట్టేసింది. పచ్చి మిగిలిన గడ్డిని బిగించి కట్టి ఒకచోట పేరిస్తే లోలోపల వేడెక్కుతుంది. వేడి తగ్గితే సరే. తగ్గకుండా ఎక్కుతూ పోతే ఏదో ఒక రోజు దానంతటదే అంటుకుంటుంది.

గునపం తెచ్చి రెండు కట్టల సందులోంచి లోపలికి దూర్చింది. దూర్చి వదిలేసి పాలు పిండింది, కోళ్లకి గింజలు చల్లింది, రాస్‌బెర్రీలు ఒక గిన్నెడు కోసింది. వచ్చి గునపం లాగి, లోపలున్న కొనని గుప్పిట పట్టుకుంది. ఆల్ఫ్ చెప్పిన లెక్క ఒకటుంది: పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోగలిగితే భయం లేదు, ఐదు దాటలేకపోతే పేర్చింది ఊడదియ్యాల్సిందే. నెరిడా పది దాకా పట్టుకుంది. చెయ్యి టీ కప్పు పట్టుకున్నంత వెచ్చగా ఉంది, అంతే. హమ్మయ్య అనుకుంది.

శుక్రవారం ఎనిమిది. శనివారం పొద్దున ఆరు.

కెల్విన్‌కి చెప్పాలి. చెబితే ఏమంటాడు? ఏమీ అనడు, అదే బాధ. విరిగిన కాలు ఈడ్చుకుంటూ లేస్తాడు. ఇక మావిస్‌కి చెప్పడమా! చచ్చేదాకా దెప్పించుకోడానికి మరో సాకు చేతికిచ్చినట్టు. రేపటికి తగ్గుతుందిలే అని తనకు తాను నచ్చజెప్పుకుని, చెర్రీ చెట్లకి వలలు కప్పడానికి పోయింది. వల అంచు ముడి వేస్తూ వేస్తూ మూడుసార్లు కొట్టం వైపు చూసింది. పొగ లేదు. కళ్లు చిట్లించి మళ్లీ చూసింది.

శనివారమే ఇంకోటి గమనించింది. మావిస్ మాట్లాడ్డం మానేసింది. జామ్ అడుగంటింది, మాట అనలేదు. టీలో నెరిడా పంచదార మర్చిపోయింది, మావిస్ అలాగే తాగేసింది. నెరిడా చేతులకీ జుట్టుకీ అంటుకున్న వాసన కొట్టినప్పుడు మాత్రం ముఖం అటు తిప్పుకుంది.

"మీ అమ్మకి ఒంట్లో బాలేదేమో" అంది కెల్విన్‌తో.

"నీకేమైంది? రెండు రోజులుగా మొహం ఇంత చేసుకుని తిరుగుతున్నావ్" అన్నాడు కెల్విన్.

"నాకేమైంది, పని" అని లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున గునపం లాగి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. అంతే, చేతిలోంచి జారిపోయింది. అరచెయ్యి ఎర్రగా కందింది. పై కట్టల సందులోంచి సన్నగా ఆవిరి వస్తోంది, ఇడ్లీ పాత్ర మూత పక్కనుంచి వచ్చినట్టు. బకెట్టు అక్కడే వదిలేసి వసారాకి పరుగెత్తింది.

తల్లీ కొడుకులు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఇక దాచడానికేముంది?

"తప్పు చేశాను. గడ్డి పచ్చిగానే కట్టించాను. మావిస్ వద్దన్నా వినలేదు. గురువారం నుంచీ వేడెక్కుతోంది, నాకు తెలుసు, మీకు చెప్పలేదు. ఇవాళ మూడు దాటలేకపోయాను." ఒక్క గుక్కలో అనేసి, ఏడుపు ఆపుకోలేక కందిన చెయ్యి చూపించింది.

కెల్విన్ నోరు తెరిచేలోపే మావిస్ లేచి నిలబడింది. కర్ర కోసం కూడా చూడలేదు.

"ఇప్పుడు ఏడుపెందుకు? డగ్‌కి ఫోన్ చెయ్. కెల్విన్, ఆ చేతికర్రలు తీసుకుని నీళ్ల ట్యాంకు దగ్గరికి పో, గొట్టం కొట్టం దాకా లాగించు. ముందు ఆవుల్ని బయటికి తోలండి. లోపలికి ఎవరూ ఒక్కరే పోకండి, పైనుంచి మొదలెట్టండి, అర్థమైందా?"

డగ్ పది నిమిషాల్లో వచ్చాడు. "నేనే తొందరపెట్టానమ్మా" అని ఒక్కమాట అని, చొక్కా చేతులు మడిచి పైకెక్కాడు. అతను తోస్తే నెరిడా లాగింది. కట్టలు ఒక్కొక్కటే ఎండలో పొలమంతా పరిచారు. కెల్విన్ ఒంటికాలి మీద నిలబడి, చంకలో కర్ర, చేతిలో నీళ్ల గొట్టం పట్టుకుని కాపలా కాశాడు. ఎక్కడ నిప్పు కనిపిస్తుందా అని కన్ను ఆర్పలేదు. మావిస్ బయట కుర్చీ వేయించుకుని, దించిన ప్రతి కట్టలోకీ చెయ్యి దూర్చి చూసింది.

"ఇది చల్లగానే ఉంది. ఇదీ మంచిదే. ఊఁ, తర్వాత."

నడుమ పొరకి చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ పది కట్టలు ముదురు గోధుమ రంగుకి తిరిగి, విప్పితే పొగాకులా ఉన్నాయి. ఒకదాని మధ్యలో గుప్పెడు గడ్డి నల్లగా మాడి ఉంది. డగ్ దాన్ని పారతో బయటికి విసిరితే కెల్విన్ నీళ్లు కొట్టాడు. బుస్సుమంది. ఆ తర్వాత బయటికొచ్చిన కట్టలన్నీ వెచ్చగా, ఆ తర్వాతవి చల్లగా ఉన్నాయి.

"ఇంకొక్క రోజు ఆగుంటే ఇవాళ బూడిద ఊడ్చేవాళ్లం" అన్నాడు డగ్ చెమట తుడుచుకుంటూ. "పది కట్టలు పోయాయి. మిగతాది రెండు రోజులు ఎండలో పెట్టి ఎత్తుకోండి, బంగారం లాంటి గడ్డి."

అతను వెళ్లాక నెరిడా అక్కడే నేల మీద చతికిలబడింది. ఒళ్లంతా గడ్డి, జుట్టంతా గడ్డి. నాలుగు రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. కొట్టం ఖాళీగా, చల్లగా, నిలబడి ఉంది. ఇల్లు ఉంది. ప్లమ్ కంచె అవతల నెమరేస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి! ఇక మావిస్ ఎంత దెప్పినా దెప్పనీ అనుకుంది.

లోపలికెళ్లి టీ చేసి, రాస్‌బెర్రీల గిన్నెతో సహా తెచ్చింది. మావిస్ కొట్టం తలుపు దగ్గర నిలబడి ఉంది. నల్ల గుంజ మీద అరచెయ్యి ఆనించింది.

"ఇక అనండి మావిస్. పడతాను" అంది నెరిడా.

"ఏమనను?" అంది మావిస్. "దీని మీద పిడుగేమీ పడలేదు."

నెరిడాకి అర్థం కాలేదు.

"నేను కాపరానికొచ్చిన మొదటి వేసవి. ఆల్ఫ్ ఊళ్లో లేడు. అత్తగారు ఇంకొక రోజు ఆగమంది. నేను వినలేదు. నాకూ ఇదే వాసన వచ్చింది, నేనూ ఇలాగే గునపం పెట్టి చూశాను. రెండు దాటలేకపోయాను. గునపాన్ని గడ్డి చాటున దాచేసి ఇంట్లోకెళ్లి రొట్టె పిండి కలిపాను. చెప్పడానికి నోరు రాలేదమ్మాయ్. సాయంత్రానికి అంటుకుంది. ఆ చలికాలం ఆవుల్ని అమ్ముకుని ఆల్ఫ్ కలప మిల్లు పనికి పోయాడు." ఆమె గుంజని నిమిరింది. "ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా అడిగిన వాళ్లందరికీ పిడుగని చెప్పింది ఆల్ఫే. నా మొహం చూడకుండా చెప్పాడు. ఆయనకి తెలిసే అన్నాడో, తెలియక అన్నాడో, నేను అడగలేదు. నీ ఒంటి మీద ఆ వాసన రాగానే నాకు మళ్లీ నోరు పడిపోయింది. అరవై రెండేళ్లు మోశాను. నువ్వు నాలుగు రోజుల్లో చెప్పేశావు."

వెనకాల చేతికర్రల చప్పుడైంది. కెల్విన్ ఎప్పుడొచ్చాడో, తలుపు బయట నిలబడి ఉన్నాడు.

"నాన్నకి తెలుసమ్మా" అన్నాడు మెల్లగా. "బూడిదలో గునపం దొరికిందట. పోయే ముందు నాకు చెప్పాడు. నువ్వు నీ అంతట నువ్వు ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే, పర్లేదులే అన్నానని చెప్పమన్నాడు. నువ్వు ఎత్తితేగా!"

మావిస్ పాలు పిండే పీట మీద కూలబడి, ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నెరిడా పక్కనే కూర్చుని ఆమె వీపు నిమిరింది. కెల్విన్ ఏం చెయ్యాలో తోచక రాస్‌బెర్రీల గిన్నె ఆమె ఒళ్లో పెట్టాడు.

"దొంగ ముసలాడు" అంది చివరికి మావిస్, ముక్కు తుడుచుకుంటూ. "అన్నేళ్లు పక్కన పడుకుని ఒక్క ముక్క అన్నాడా!" ఆ మాట అంటూనే నవ్వేసింది. నవ్వి, టీ కప్పు అందుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఇందులో పంచదార వేశావా, లేకపోతే ఈ ఇంట్లో పంచదార నిండుకుందా? ముప్పై ఏళ్లైనా టీ పెట్టడం రాదు ఈ పిల్లకి."

దెప్పుడు మాట అంత తియ్యగా ఉంటుందని నెరిడా ఎన్నడూ అనుకోలేదు. లేచి, పొద్దున వదిలేసిన పాల బకెట్టు తీసి గుంజ మేకుకి తగిలించి, పంచదార డబ్బా తేవడానికి ఇంట్లోకి నడిచింది.