మూడు సొట్టలు

బుధవారం మధ్యాహ్నం చెల్లెలి బండి చప్పుడుతో పాటు కాలిన ప్లాస్టిక్ వాసన కూడా వీధిలోకి వచ్చింది. అక్క గ్రైండర్ ఆపి, రక్షణ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఇంటిని ఆనుకుని ఉన్న ఆ రేకుల షెడ్డు ఒకప్పుడు నాన్నది. ఆయన అక్కడ కూర్చుని ఊళ్ళోవాళ్ళ గిన్నెల సొట్టలు తీసేవాడు. ఆయన తరువాత అక్క వెల్డింగ్ నేర్చుకుంది. ఇప్పుడు కిటికీలకు గ్రిల్లులు, పొయ్యిలకు స్టాండ్లు చేస్తుంది. ఎవరు ఏ ఇనుము ఎలా వంచమంటే అలా వంచి ఇస్తుంది. చెల్లెలు మాత్రం ఎవరు చెప్పినా వంగే రకం కాదు. చిన్నప్పుడు ఇంట్లో దాన్ని పిడుగు అనేవారు. నలభై ఒకటో ఏడు వచ్చినా ఆ పేరు పోలేదు. కొండల్లో, ఏటి గర్భాల్లో మోటారుసైకిళ్ళ మీద తిరగాలని సరదాపడే వాళ్ళ గుంపులకు ముందు నడిచి దారి చూపించడం దాని ఉద్యోగం. దాని బండి ఎత్తు అక్క నడుము దాటి ఉంటుంది. దానికి కుడివైపున, వెనక చక్రం పక్కగా పైకి లేచిన సైలెన్సర్ ఉంటుంది.

వాసన అక్కణ్ణుంచే వస్తోంది.

"అక్కా, నాకో పని చేసిపెట్టాలి. రేపు సాయంత్రానికి కావాలి," అంది పిడుగు, హెల్మెట్ ఇంకా తియ్యకుండానే. "బండి కుడివైపు పడితే సైలెన్సర్ నలిగిపోతోంది. దానికి అడ్డంగా ఏదైనా గార్డు పెట్టు. శుక్రవారం పొద్దున ఎనిమిది మందిని తీసుకుని కొండకి వెళ్ళాలి."

"మరి ఈ కంపు ఏమిటే?"

"నేనే ఒకటి కట్టి చూశాను. కరిగింది."

అక్క వంగి చూసింది. సైలెన్సర్‌కి రెండు ఇనుప పట్టీలతో బిగించిన తెల్లటి పలక ఒకటి సగానికి కరిగి మైనంలా కారిపోయి ఉంది. మిగిలిన సగం మీద కత్తి గీతలు కనిపించాయి.

"ఒసేయ్! ఇది నా కూరగాయల పలక! రెండు రోజుల నుంచీ ఇల్లంతా వెతుకుతున్నాను. మీ బావని కూడా తిట్టాను."

"తిట్టావా? పోనీలే, వేరే దేనికో బాకీ ఉన్నవేగా," అంటూ పిడుగు నవ్వింది.

లోపలి నుంచి బావ గొంతు వినిపించింది. "మరదలా, నువ్వు దొంగతనం చెయ్యడం, నేను తిట్లు తినడం! మన పొత్తు బాగుంది." ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. ఊళ్ళోవాళ్ళందరికీ చూపు పంచిపెడతాడు కాని ఇంట్లో కళ్ళముందున్న చెంచా ఆయనకు కనబడదని అక్క ఫిర్యాదు.

అక్క పట్టీలు విప్పి, అంటుకున్న ప్లాస్టిక్‌ని ఉలితో గీకసాగింది. గీకుతూ గీకుతూ చెయ్యి ఆపేసింది.

పలక కింద మూడు సొట్టలున్నాయి.

అరచేతంత జాగాలో, ఒకదాని అంచు ఒకదానికి తగులుతూ, మూడూ గుండ్రంగా ఉన్నాయి. చుట్టూ గీత అన్నది లేదు. అక్క లేచి హ్యాండిల్ చివర చూసింది. అక్కడి రబ్బరు కాస్త నలిగింది, అంతే, అరగలేదు. ఎడమవైపుకి వెళ్ళి చూసింది. అటువైపు కొత్త దెబ్బ ఒక్కటి కూడా లేదు.

"ఎక్కడ పడ్డావు?"

"ఏట్లో. మంచి స్పీడు మీద ఉండగా రాళ్ళ మీద జారింది."

"మూడుసార్లూనా?"

"నువ్వు పోలీసువా, వెల్డరువా?" అంది పిడుగు గబుక్కున. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ అనడం.

నాన్న సొట్టను వేలితో తడిమి చెప్పేసేవాడు, గిన్నె చేతిలోంచి జారిందో, ఎవరైనా విసిరారో. తెచ్చినవాళ్ళందరూ "జారిందండీ" అనే అనేవారు. ఆయన తల ఊపి, కొయ్యసుత్తి అందుకుని, సొట్ట తీసి ఇచ్చేసేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ఆయన పక్కన కూర్చుని అక్క ఈ చదువంతా చదువుకుంది. వేగం మీద పడ్డ బండి నేల మీద ఈడ్చుకుపోతుంది. పొడవుగా గీతలు పడాలి, రంగు లేచిపోవాలి. ఈ బండి నిలబడి ఉండగా పడింది. ప్రతిసారీ ఒకే వైపు పడింది.

అప్పటి నుంచి అక్క మనసు మనసులో లేదు. గార్డు ఎలా చెయ్యాలో మాత్రం చేతులకు తెలుసు. సైలెన్సర్‌కి దేన్నీ తగిలించకూడదు. దెబ్బ దాని దాకా రానివ్వకూడదు. సామాను పెట్టెలు తగిలించే చట్రానికి బిగించి, అరంగుళం గొట్టాన్ని విల్లులా బయటికి వంచాలి. గొట్టానికీ సైలెన్సర్‌కీ నడుమ రెండు వేళ్ళ సందు ఉంటే వేడి అంటదు. ముందు నేలను తాకేది గొట్టమే. బోల్టుల కింద రబ్బరు ముక్కలు వేస్తే ఆ అదురు చట్రాన్ని వంచదు. కొలతలు రాసుకుంది. గొట్టం కోసింది. తీరా పెట్టి చూస్తే అంగుళం పొట్టి అయింది.

ఆ షెడ్డులో అక్క గొట్టం పొట్టిగా కొయ్యడం ఎవరూ ఎరగరు.

సాయంత్రం కాలుగాలిన పిల్లిలా షెడ్డులోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి షెడ్డులోకీ తిరిగింది. టీలో పంచదార రెండుసార్లు వేసింది. కొలత టేపు ఫ్రిజ్‌లో పెట్టి, దాని కోసం బల్లల కింద వెతికింది. బావ చూసి చూసి, "ఇంట్లో ఏదీ కనబడని నాకే కనబడుతోంది. ఏమైంది నీకు?" అన్నాడు.

"నాకేమీ కాలేదు. దానికి ఏదో అయింది. చెప్పడం లేదు."

బావ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మధ్యాహ్నం చెయ్యి కడుక్కోవడానికి వచ్చినప్పుడు అది మెట్లెక్కడం చూశాను," అన్నాడు. "ప్రతి మెట్టుకీ ఎడమకాలే ముందు వేసింది. కుడికాలు వెనకాలే ఈడ్చుకొచ్చింది. మోకాలేమో అనుకున్నాను."

"అనుకుని ఊరుకున్నారా?"

"అడిగితే నిజం చెప్పే మనిషా అది?"

మర్నాడు సాయంత్రం నాలుగింటికి పిడుగు వచ్చేసరికి గార్డు తయారైంది. విల్లులా వంగిన గొట్టానికి బాగా బయటికి వచ్చిన చోట తెల్లటి బిళ్ళ ఒకటి బోల్టుతో బిగించి ఉంది. దాని మీద కత్తి గీతలున్నాయి.

"పలకే!" అంది పిడుగు.

"పలక మంచిదేనే. నువ్వు పెట్టిన చోటే మంచిది కాదు. వేడికి దూరంగా ఉంటే రాయి మీద జారుతుంది, ఇనుములా పట్టుకోదు." అక్క నాలుగు బోల్టులూ బిగించి స్పానర్ కింద పెట్టింది. "ఇప్పుడు పడేద్దాం."

"ఏంటీ?"

"పడెయ్యకుండా గార్డు పని చేస్తుందని నాకెలా తెలుస్తుంది? నా చేతి పని పరీక్ష చెయ్యకుండా గేటు దాటనివ్వను. ఏవండీ, రండి, ఆ వైపు పట్టుకోండి."

పెరట్లో కంకర పోసిన జాగాలోకి బండిని తోసుకెళ్ళారు. ముగ్గురూ పట్టుకుని కుడివైపుకి ఒరగబెట్టి వదిలేశారు. బండి ధబ్బుమంది. పక్కింటి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని సందులో రెండు వేళ్ళు పెట్టి చూసింది. సందు సందులాగే ఉంది. తెల్లబిళ్ళ మీద కొత్త గీతలు పడ్డాయి. సైలెన్సర్‌ని కంకర తాకనే లేదు.

"అక్కా, నీ చేతికి దండం పెట్టాలి!"

"పెడుదువుగాని. ముందు లేపు."

"బావా, ఒక చెయ్యి వెయ్యి."

"బావ కొండ మీదికి రాడు," అంది అక్క. "నీ వెనకాల ఎనిమిది మంది ఆగిపోయి ఉన్నారనుకో. లేపు."

పిడుగు ఒక్క క్షణం అక్క మొహంలోకి చూసింది. తరువాత స్టాండు బయటికి తీసి పెట్టుకుని, సీటుకి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో చట్రమూ పట్టుకుని, గొంతుకూర్చుంది. కాళ్ళతో నేలను తన్నిపెట్టి వెనక్కి నడుస్తూ లేపడం దానికి కొట్టిన పిండి. తనకు రెండింతల బరువున్న బండిని అలా లేపడం అక్క ఎన్నోసార్లు చూసింది. బండి జానెడు లేచింది. కుడికాలు పక్కకి జారిపోయింది. పిడుగు కంకర మీద కూలబడింది.

"చెప్పు జారింది," అంది, కాళ్ళకున్నవి బూట్లయినా.

ఎవరూ నవ్వలేదు. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ కూలబడింది. బావ ఒక అడుగు ముందుకు వేస్తే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. మూడోసారి పిడుగు లేవడానికి ప్రయత్నించలేదు. బండికి జేరబడి, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి, ఎవరిదో సామానులా పక్కన పెట్టుకుంది.

"ఎన్నాళ్ళయింది?" అంది అక్క.

"రెండు నెలలు. అప్పుడప్పుడు. నడుం దగ్గర పట్టేస్తుంది, తరువాత కాలు మొద్దుబారిపోతుంది. బండి ఆపి కాలు కింద పెడతాను. పెట్టానో లేదో తెలియదు. తెలిసేలోపు పడిపోతాను."

"కుడికాలుతోనేగా బ్రేకు తొక్కేది?"

పిడుగు కంకర రాయి ఒకటి తీసి దూరంగా విసిరింది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే ఏమంటాడో నాకు తెలియదా? బండి ఎక్కొద్దంటాడు. మా ఓనరు ప్రతి ప్రయాణానికీ ముందు బండ్లు చూస్తాడు. సొట్ట చూస్తే అడుగుతాడు. ఆరేళ్ళ నుంచి నేనే ముందు నడుస్తున్నాను అక్కా. వెనక్కి వెళితే మళ్ళీ ముందుకి రానివ్వరు."

"అంటే ఈ గార్డు సైలెన్సర్ కోసం కాదు. సొట్ట కనబడకుండా ఉండటానికి."

"నీకెందుకు అదంతా? నాన్న ఎవరినైనా అడిగాడా? సొట్ట తీసి ఇచ్చేసేవాడు."

"ఇచ్చేసేవాడు." అక్క షెడ్డు వైపు చూసింది. "నువ్వు చిన్నదానివి, నీకు గుర్తులేదు. ఒకావిడ ఒకే గిన్నె నాలుగుసార్లు తెచ్చింది. జారిందండీ, జారిందండీ అంటూ. నాన్నకి తెలుసు. నాకు పదేళ్ళు, నాకే తెలుసు. ఐదోసారి గిన్నె రాలేదు. ఆవిడ ఆస్పత్రిలో ఉందన్నారు. ఆ వారమంతా నాన్న సుత్తి పట్టుకోలేదే. ఆ గుమ్మంలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు."

ముగ్గురూ కలిసి బండిని లేపి నిలబెట్టారు. అక్క స్పానర్ తీసుకుని, నాలుగు బోల్టులూ ఒక్కొక్కటే విప్పి, జేబులో వేసుకుంది. గార్డుని బల్ల మీద పెట్టింది.

"గార్డు నీదే. డాక్టరు దగ్గరికి వెళ్ళి రా, బిగించి ఇస్తాను."

"లేకుండానే వెళ్తాను."

"వెళ్ళు. బోల్టులు ఇవ్వకపోవడం నా చేతిలో ఉంది. నిన్ను కట్టెయ్యడం నా చేతిలో లేదు."

పిడుగు హెల్మెట్ తగిలించుకుంది. బండి ఎక్కేటప్పుడు కుడికాలు సీటు మీదుగా తిప్పడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. వెనక్కి తిరిగి చూడలేదు. మలుపు దగ్గర ఇంజను గొంతు ఒకసారి పెరిగి, వినబడకుండా పోయింది.

శుక్రవారం ఆరింటికి వాళ్ళ గుంపు బయల్దేరాలి. అక్క ఐదింటికే లేచి తుడిచిన వంటింటి గట్టునే మళ్ళీ తుడిచింది. ఫోను చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. ఏమని చెయ్యాలి? ఇంకాస్త మెత్తగా చెప్పి ఉండాల్సిందేమో. లేకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందేమో. కనీసం గార్డు అయినా ఇచ్చి పంపాల్సింది. పడితే దాని కాలు ఆ వేడి సైలెన్సర్ కింద ఇరుక్కుంటుందేమోనన్న ఆలోచన రాగానే చేతిలోని గుడ్డ జారిపోయింది.

"ఆరున్నర అయింది," అన్నాడు బావ.

"నాకు గడియారం చూడటం వచ్చు."

"నేను కాస్త బయటికి వెళ్ళి..."

"ఎక్కడికి వెళ్తారు? కూర్చోండి." ఆయన కూర్చుంటే, "అలా కూర్చుంటే ఎలా?" అంది.

ఏడింటికి ఆ ఇంజను గొంతు వినిపించింది. అక్క గుమ్మంలోకి పరుగెత్తింది. బండి అదే. నడుపుతున్నది మాత్రం ఒక తెల్లమీసాలాయన. వెనక సీట్లో పిడుగు మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఈయన మా గుంపులో రెండో మనిషి. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు," అంది పిడుగు దిగుతూ. "ఈసారికి ఈయనే ముందు నడుస్తారు. మిగతావాళ్ళు ఊరి బయట ఆగి ఉన్నారు. ఆయన బండికి ఆ ఏరు దాటే సత్తా లేదు, అందుకని నాది ఇస్తున్నాను. ఓనరుకి రాత్రే ఫోన్ చేసి చెప్పేశాను. ఏమన్నాడని అడక్కు." మీసాలాయన వైపు తిరిగింది. "మాస్టారూ, మీరేమీ అనుకోకండి. ఏట్లో మీరు తప్పకుండా పడేస్తారు. అక్కా, గార్డు బిగించు."

"డాక్టరు?"

"పదింటికి. బావ తీసుకెళ్తానన్నాడు."

అక్క వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. ఆయన పైకప్పు వంక చూస్తున్నాడు. "పొద్దున్నే ఫోన్ చేసింది. నీకు చెప్పొద్దంది," అన్నాడు.

"నేనిక్కడ రెండు గంటల నుంచీ చస్తుంటేనా?"

"నీ ఎదుట దాచలేకేగా బయటికి వెళ్తానన్నాను! నువ్వు వెళ్ళనిచ్చావా?"

"బోల్టులు ఎక్కడ పెట్టావక్కా?" అంది పిడుగు. అవి ఎక్కడో పడిపోతాయని రాత్రే తీసి దాచిన బావ, తన జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి తెరిచాడు. నాలుగు బోల్టులూ రబ్బరు ముక్కలతో సహా మెత్తటి గుడ్డలో పడుకుని ఉన్నాయి.

అక్క కింద కూర్చుని బిగించింది. నాలుగో బోల్టు దగ్గర గొట్టం పక్కకి జరిగితే పిడుగు పక్కన చతికిలబడి దాన్ని పట్టుకుంది. అలా కూర్చోవడానికి దానికి కొంచెం సేపు పట్టింది. అక్క చూసింది, ఏమీ అనలేదు. సందులో రెండు వేళ్ళు పెట్టి చూసుకుని లేచింది.

మీసాలాయన ఇద్దరికీ నమస్కారం పెట్టి బయల్దేరాడు. అక్కాచెల్లెళ్ళు గేటు పట్టుకుని నిలబడ్డారు. బండి మలుపు తిరిగింది, కనబడటం మానేసింది, వినబడుతూనే ఉంది. పిడుగు తల పక్కకి వంచి వింటోంది. కుడికాలి బొటనవేలు చెప్పులో కదులుతోందా లేదా అని మధ్యమధ్య కిందికి చూసుకుంటోంది.

"ఇంకా రెండో గేరులోనే ఉన్నాడు," అంది పళ్ళు కొరుకుతూ. "మార్చు... మార్చవయ్యా..."

"మారుస్తాడులేవే," అంది అక్క. తను కూడా ఊపిరి బిగబట్టి వింటోంది.