పదకొండు మంది దాటారు

రెమీ కాలు లారీ చక్రం కింద నలిగిపోయిన పావుగంటకి ట్రాఫిక్ ఆఫీసు మనిషి మోటారుసైకిల్ మీద వచ్చాడు. వచ్చి రోడ్డుని చూశాడు. రెమీని చూడలేదు. టేపు తీసి ఇటునుంచి అటు కొలిచాడు, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు, అప్పుడు తల తిప్పి, "ఈమె తాలూకు ఎవరు?" అని అడిగాడు.

"నేను. అక్కని," అంది మిండా. ఆమె తన తలకి కట్టుకున్న ఫ్యాక్టరీ గుడ్డ విప్పి చెల్లెలి మోకాలికి గట్టిగా బిగించి పట్టుకుని కూర్చుంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "అంబులెన్సు ఏది సార్?"

"వస్తుంది. మీ చెల్లెలు దాటకూడని చోట దాటింది. కేసు రాయాలి."

"దాటే చోటు ఎక్కడుంది సార్ ఇక్కడ?"

"అదేగా నేనూ అంటోంది! ఇక్కడ లేదు. లేనిచోట దాటింది."

చీటీ చింపి రెమీ చొక్కా జేబులో పెట్టాడు. స్పృహ లేని మనిషి జేబులో! రాళ్ళ లారీ మాత్రం అప్పటికే కనుచూపు మేరలో లేదు. దాని నంబరు ఎవరూ అడగలేదు. అంబులెన్సు రాలేదు. అద్దెకి సైడ్‌కారు బండి తోలే ఎలోయ్, ఎక్కిన ప్రయాణికుల్ని దింపేసి, రెమీని పసిపిల్లని పడుకోబెట్టినట్టు మిండా ఒళ్ళో పడుకోబెట్టి, హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా ఆస్పత్రికి తోలాడు. మధ్యాహ్నానికి డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు.

ఆ రోడ్డు పేరు బైపాస్. బలింగాన్ నగరం మధ్యలోంచి రాళ్ళ లారీలు పోతుంటే పెద్దవాళ్ళ ఇళ్ళ మీద దుమ్ము పడుతోందని, ఈ రోడ్డు తెచ్చి కవయన్ వాడ మీద వేశారు. రోడ్డుకి ఇవతల ఇళ్ళు. అవతల సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీ, బడి, చర్చి. అంటే అన్నం అవతల, చదువు అవతల, దేవుడు కూడా అవతలే! మూడు కిలోమీటర్ల పొడుగునా ఒక్క తెల్ల గీత లేదు. రోజూ పొద్దున్న ఆరింటికి నాలుగొందల మంది ఆడవాళ్ళు రబ్బరు బూట్లతో, నెత్తిన వలటోపీలతో రోడ్డు అంచున నిలబడి, లారీకీ లారీకీ మధ్య సందు చూసుకుని పరుగెత్తాలి. రెమీ పరుగెత్తింది. బూటు జారింది. అంతే.

మిండా అర్జీ రాయించింది. ఒక్కటే కోరిక, దాటడానికి గీతలు, లారీలు ఆగడానికి ఒక దీపం. ఆమె కూతురు బడికి పోయేదీ ఆ రోడ్డు దాటే.

వాడవాళ్ళు ఎన్నుకున్న పెద్ద, కెప్టెన్ డోమెంగ్, మంచివాడే. బాస్కెట్‌బాల్ కోర్టులో సభ పెట్టి, అందరిచేత చేతులెత్తించి, తీర్మానం టైపు చేయించి పంపాడు. దాన్ని పట్టుకుని మిండా నగర కార్యాలయం కిటికీల చుట్టూ తిరిగింది. ట్రాఫిక్ ఆఫీసు కిటికీలో, "గీతలు మావి కాదమ్మా, ఇంజనీరు ఆఫీసువి" అన్నారు. ఇంజనీరు ఆఫీసులో, "గియ్యడం మా పని, ఎక్కడ గియ్యాలో రోడ్ల కమిటీ చెప్పాలి" అన్నారు. కమిటీ గదికి తాళం. "చైర్మన్ విల్యారుస్ గారు ట్రాఫిక్ ఆఫీసు రిపోర్టు లేకుండా మీటింగు పెట్టరు" అంది అక్కడి గుమాస్తా, గోళ్ళు రుద్దుకుంటూ. అంటే మళ్ళీ మొదటి కిటికీ! చైర్మన్ విల్యారుస్ ఎవరో తెలుసా? ఆ రాళ్ళ క్వారీ ఆయన బావమరిదిది.

నాలుగు నెలలు. రెమీ చంక కర్రలతో గడప దాకా నడవడం నేర్చుకుంది. అప్పుడు ఉత్తరం వచ్చింది. బుధవారం పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా మనుషుల్ని లెక్కపెట్టడానికి వస్తారట. గంటలో మూడొందల మంది కాలినడకన దాటితేనే గీతలకి అర్హత.

మూడొందలేం ఖర్మ, వెయ్యి ఉంటారు! వాడంతా పండగ. ఇక్కడే మనవాళ్ళు తప్పు చేశారు. మనలాంటి వాళ్ళం తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు.

మంగళవారం సాయంత్రం కెప్టెన్ డోమెంగ్ మైకు పట్టుకుని వాడంతా తిరిగాడు. "రేపు నగరం నుంచి పెద్దవాళ్ళొస్తున్నారు! వాకిళ్ళు ఊడవండి! కుక్కల్ని కట్టెయ్యండి! వాళ్ళ ముందు కోళ్ళలా రోడ్డుకి అడ్డంపడి పరుగెత్తకండమ్మా, పరువు తీయకండి! రేపొక్కరోజు రోడ్డు కింది తూములోంచి వెళ్ళండి!"

మిండాకి అది తప్పనిపించలేదు. వచ్చేవాళ్ళు అతిథులు. అతిథుల ముందు బూట్లతో, చేపల వాసనతో, అరుస్తూ పరుగెత్తితే ఏమనుకుంటారు? ఈ మోటుమందకి గీతలెందుకనుకోరూ? ఆమె తనే వరసలో నిలబడి ఫ్యాక్టరీ ఆడవాళ్ళందర్నీ రోడ్డు కింద మురుగు తూములోకి పంపింది. నాలుగొందల మంది నడుములు వంచి, చీలమండల లోతు మురుగులో, ఒకరి వెనక ఒకరు. పైన రోడ్డు అద్దంలా ఉంది. గొడుగు కింద కుర్చీలో కూర్చున్న లెక్క మనిషికి మిండా తన చేత్తో వేడివేడి నూడిల్స్ ప్లేటులో పెట్టి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. "ఇంకొంచెం పెట్టనా తమ్ముడూ?"

రెండు వారాలకి జవాబు వచ్చింది. దాటిన మనుషులు పదకొండు. అవసరం లేదు. అర్జీ మూసివేయడమైనది.

బాస్కెట్‌బాల్ కోర్టులో సభ పెట్టి ఆ కాగితం చదివారు. అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పదకొండా? మా ఇంట్లోనే ఏడుగురం!"

"ఆ పదకొండు ఎవర్రా అసలు?"

"ఒకడు మా ఆయన. తాగొచ్చాడు, తూము కనపడలేదు," అంది ఒకామె. నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది, ఎందుకంటే చివరి బెంచీ మీద రెమీ ఉంది.

ఇస్కా అవ్వ లేచింది. వయసులో ఉన్నప్పుడు చెరకు తోటల్లో సమ్మె చేసి రెండేళ్ళు జైలు చూసిన మనిషి. "మనం వాళ్ళకి భోజనం పెట్టాం. వాళ్ళు మనకి పదకొండు పెట్టారు. మురుగులోంచి పొమ్మన్నది ఎవరు? మేయరా? విల్యారుసా? కాదే! మనమే! వాళ్ళు మనల్ని చూసి సిగ్గుపడేలోగా మనమే సిగ్గుపడి దాక్కున్నాం. ఇంకేం, వాళ్ళ పని సులువైపోయింది!"

మిండా తల ఎత్తలేకపోయింది. చెల్లెలి కాలు తీసుకున్న రోడ్డుని తనే ఊడ్చి అప్పజెప్పింది.

అప్పుడు కోర్టు గేటు దగ్గర ఎవరో దగ్గారు. లెక్క మనిషి. డిండో. ఆరేసి నెలల కాంట్రాక్టు మీద పనిచేసే సన్నపాటి కుర్రాడు.

"ఇంకా ఏం లెక్కపెట్టడానికొచ్చావురా?" అని ఎలోయ్ మీద మీదకి వెళ్ళాడు.

"అన్నా, ఆగు. నేను మీ నూడిల్స్ తిన్నాను. రెండు ప్లేట్లు. కింద తూములో నీళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంది నాకు." డిండో మిండా వైపు తిరిగాడు. "అక్కా, లెక్క జరిగిన పదిహేను రోజుల్లో అభ్యంతరం రాసిస్తే మళ్ళీ లెక్కపెట్టి తీరాలి. రూలు. మీరడిగిన రోజు, మీరడిగిన గంట. ఈ రూలు ఎవరికీ చెప్పరు, అందుకే ఎవరూ అడగరు. ఇవాళ్టికి పద్నాలుగో రోజు. ఇంకో మాట. నేను మొహాలు చూడను. దాటితే లెక్కమిషను నొక్కుతాను. వెనక్కి దాటినా నొక్కుతాను. రూలులో అంతే ఉంది."

"నీ ఉద్యోగం?"

"జూన్‌లో ఎలాగూ అయిపోతుంది. పొడిగిస్తారని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

కెప్టెన్ డోమెంగ్ చెమట తుడుచుకున్నాడు. "నెమ్మదిగా పోదాం. నేను మేయరుగారితో మాట్లాడతా. ఆయన మా అమ్మాయి జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఎదురు తిరిగితే బాగోదు."

"మీ అమ్మాయి ఏ రోడ్డు దాటి బడికి పోతుంది కెప్టెన్?" అన్నాడు ఎలోయ్.

డోమెంగ్ మళ్ళీ చెమట తుడుచుకున్నాడు.

"ఆలస్యమైతే ఫ్యాక్టరీ గేటు వేసేస్తారు," అంది వెనకనుంచి ఒక పిల్ల, భయంగా. "పేర్లు రాసుకుంటారు."

"నాలుగొందల పేర్లు రాసుకోమను," అంది మిండా. ఆమె లేచి నిలబడింది. "మనం లేకపోతే ఆ చేపల తలలు మేనేజరు కోస్తాడా? కోసుకోమనండి! తూములోంచి పొమ్మని మీకు చెప్పింది నేనే. తప్పు నాది. రేపే అభ్యంతరం రాసిచ్చి సోమవారం ఆరింటికి లెక్క అడుగుతా, అందరికంటే ముందు నేను దాటతా. వెనక ఎవరొస్తారో రండి."

సోమవారం ఎవరూ వాకిలి ఊడవలేదు. గొడుగు లేదు, కుర్చీ లేదు, నూడిల్స్ అసలే లేవు. కుక్కలు రోడ్డంతా తిరుగుతున్నాయి. ఆరుకి పది నిమిషాలకే జనం! వలటోపీల ఆడవాళ్ళు, తెల్ల చొక్కాల బడిపిల్లలు, పాలిటెక్నిక్ విద్యార్థులు, బండ్లు పక్కన పెట్టేసి వచ్చిన ఎలోయ్ జట్టు, పొద్దుటి చర్చి పూజకి బయల్దేరిన ముసలమ్మలు చేతుల్లో జపమాలలతో. డిండో రాతి మీద కూర్చుని చేతిలో లెక్కమిషను పట్టుకున్నాడు. పక్కన అతని సూపర్‌వైజరు, మొహం చిటపటలాడిస్తూ.

ఆరు కొట్టింది. మిండా రోడ్డు మీద కాలు పెట్టింది. పరుగెత్తలేదు. జీవితంలో మొదటిసారి ఆ రోడ్డు మీద ఆమె నడిచింది! లారీ హారన్ చెవులు పగలగొడుతోంది, కాళ్ళు పరుగెత్తమంటున్నాయి, ఆమె నడిచింది. వెనక నాలుగొందల జతల బూట్లు. అవతలికి చేరి, వెనక్కి తిరిగి, మళ్ళీ. ఒక వరస అటు, ఒక వరస ఇటు, నేత మగ్గంలా. ఎవరూ ఆగలేదు, ఎవరూ కూర్చోలేదు.

లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ముందు లారీ డ్రైవరు తల బయట పెట్టి అరిచాడు. "ఏమ్మా! ట్రిప్పుల లెక్కన ఇస్తారు మాకు! ఆగితే మా కడుపే మాడుతుంది, మీకేం?"

"స్పీడుగా తోలకపోతే కడుపు మాడేలా పెట్టింది ఎవరు తమ్ముడూ?" అంది మిండా నడుస్తూనే. "నేనా? అదిగో చూడు, మా చెల్లెలు."

రెమీ రోడ్డు మీదకి దిగింది. చంక కర్రలు. కర్ర, కాలు, కర్ర, కాలు. ఎవరూ ఆమెని పట్టుకోలేదు, ఆమె పట్టుకోనివ్వలేదు. రోడ్డు సగానికి వచ్చేసరికి హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. డ్రైవరు ఆమె ఖాళీ పాంటు కాలు వైపు చూశాడు. ఇంజను ఆపేశాడు. దిగి, చక్రానికి ఆనుకుని సిగరెట్టు వెలిగించి, "నడవండి," అన్నాడు.

ఆరున్నరకి చైర్మన్ విల్యారుస్ వచ్చాడు. నల్ల అద్దాల కారు, ఇస్త్రీ చొక్కా. "ఏంటిది? రోడ్డు మూసేస్తారా?"

"మూయలేదు సార్, దాటుతున్నాం," అంది మిండా.

"ఇలాగా దాటేది?"

"మీరు మూడొందలు అడిగారు. మేం కొంచెం ఎక్కువ తెచ్చాం."

జనం గొల్లున నవ్వారు. విల్యారుస్ మొహం నల్లబడింది. "లెక్క ఆపెయ్యమనండి!"

సూపర్‌వైజరు డిండో భుజం పట్టుకున్నాడు. "ఆపరా."

"గంట కాలేదు సార్."

"ఆపమంటున్నా!"

"రూలు మీరే నేర్పారు సార్. గంట." టక్, టక్, టక్. సూపర్‌వైజరు మిషను లాక్కున్నాడు. డిండో పెన్ను తీసి అరచేతి మీద అప్పటిదాకా వచ్చిన అంకె రాసుకున్నాడు, రెండు వేల మూడు వందల పదహారు. రాసుకుని, లేచి, చెప్పులు సర్దుకుని, తనూ జనంలో కలిసి దాటాడు.

పోలీసు జీపులు వచ్చాయి. నేరుగా మిండా దగ్గరికే వచ్చారు. పేరు ఎవరు చెప్పారో! "పద."

"ఏం కేసు?"

"దాటకూడని చోట దాటావు."

మళ్ళీ అదే మాట! చెల్లెలి జేబులో పెట్టిన మాట! మిండాకి ఒళ్ళు మండిపోయింది. "ఈ వెయ్యిమందీ దాటారు, అందర్నీ ఎక్కించుకో!"

"నన్ను ఎక్కించుకో!" అంది ఇస్కా అవ్వ. "నాకు జైలు అలవాటే!" "నన్ను!" "నన్ను!" జనం జీపు మీద పడ్డారు. లాఠీలు లేచాయి. ఎలోయ్ నుదురు పగిలింది. వలటోపీలు రోడ్డు మీద చెల్లాచెదరయ్యాయి. ఆ తోపులాటలో కెప్టెన్ డోమెంగ్ రెండు చేతులూ చాచి లాఠీకీ బడిపిల్లలకీ మధ్య నిలబడ్డాడు, దెబ్బ వీపు మీద పడితే "అమ్మా!" అన్నాడు కానీ కదల్లేదు. మిండాని జుట్టు పట్టి జీపులోకి తోశారు.

పోలీసు స్టేషను మార్కెట్టు మూల మీద ఉంది. అదే బైపాస్ మీద, ఫ్యాక్టరీ వైపు, రెండు కిలోమీటర్ల దూరంలో. మిండాని బెంచీ మీద కూర్చోబెట్టారు. పెదవి చిట్లి రక్తం ఉప్పగా తగులుతోంది. గంట గడిచింది. రెండు. రెమీ ఎక్కడ పడిపోయిందో, కూతురు బడికి చేరిందో లేదో తెలియదు.

అప్పుడు వినపడింది. మొదట బూట్ల చప్పుడు. తర్వాత గొంతులు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు షిఫ్టు వదిలేసి నడిచి వచ్చారు. కవయన్ వాళ్ళే కాదు, గొంతులు చాలా ఉన్నాయి. "మాకూ గీతలు లేవు!" అని అరుస్తున్నారు మార్కెట్టు చేపలమ్మేవాళ్ళు. "మా బడి ముందూ లేవు!" అని ఇంకెవరో, మిండాకి పరిచయం లేని యాసలో. స్టేషను ముందు రోడ్డు మీద వాళ్ళంతా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. సార్జెంటు కిటికీ మూసేశాడు. చప్పుడు తగ్గలేదు.

అతను గబగబా ఒక కాగితం తెచ్చి మిండా ముందు పెట్టాడు. "చూడమ్మా, గొడవ వద్దు. ఇకమీదట బైపాస్ దాటనని రాసుంది. సంతకం పెట్టు, వెంటనే ఇంటికి పో."

మిండా కాగితం మెల్లగా చదివింది. మూడు లైన్లు. చదివి, వేలితో ఆ టేబిలు మీదే వెనక్కి జరిపింది.

"నా ఇల్లు అవతల ఉంది సార్," అంది. "పోవాలంటే దాటాలి. ఎక్కడ దాటమంటారో చూపించండి."

సార్జెంటు కాగితం మళ్ళీ ముందుకి జరిపాడు.

"చూపించేదాకా నేను ఇక్కడే కూర్చుంటా," అని మిండా బెంచీ మీద కాళ్ళు మడుచుకుని సర్దుకుంది. "బయటున్న వాళ్ళనీ అదే అడగండి. ఒక్కొక్కళ్ళనీ."