గుండీ కుట్టిందెవరు?

అత్తగారి సంచి కోడలే స్వయంగా సర్దుతోంది. నాలుగు జతల బట్టలు, తువ్వాలు, మోకాళ్ళకు రాసుకునే తైలం, కళ్ళజోడు పెట్టె.

"వారం రోజులకి ఇన్నెందుకే?" అంది ముసలావిడ మంచం మీద కూర్చుని.

"ఉండనివ్వండి అత్తయ్యా. సంగతి తేలేదాకా ఉండి రండి."

"నా కొడుకు మీద నిఘాకి నన్నే పంపుతున్నావు! నీ ధైర్యానికో దండం."

"ఇంకెవర్ని పంపను? మా అమ్మనా?"

"ఆవిడైతే బస్సు దిగకముందే వాణ్ణి ఉతికి ఆరేస్తుంది," అని ముసలావిడ నవ్వింది. కోడలు నవ్వలేదు. సముద్రపు గాలికి తుప్పు పట్టిన జిప్పు సగంలో మొరాయిస్తే, పంతం కొద్దీ లాగింది.

ఊరికి దూరమైనా చవకలో సొంతిల్లు వస్తుందని పట్టుబట్టి, అందరినీ ఈ సముద్రం ఒడ్డు కాలనీకి లాక్కొచ్చింది ఆమే. వచ్చినప్పుడు వీధికి రెండు మూడిళ్ళు. ఇప్పుడు ఎటు చూసినా సిమెంటు లారీలే. ఆమె పనిచేసే రంగుల దుకాణంలో ఊపిరి తిప్పుకునే తీరిక ఉండదు. భర్త ఉద్యోగం మాత్రం నగరంలో, అచ్చాఫీసులో. రోజూ బస్సుల్లో పడి తిరగలేనని అక్కడే ఓ గది తీసుకున్నాడు, శనివారం శనివారం వస్తాడు. గది ఎక్కడంటే, "ప్రెస్సు దగ్గరే" అంటాడు. అంతకు మించి ఒక్క ముక్క రాదు.

మొదట అనుమానం చొక్కాల దగ్గర పుట్టింది. ఈ కాలనీలో ఎంత ఎండలో ఆరేసినా బట్టలు చెమ్మ వదలవు. అతను తెచ్చేవి మాత్రం గరగరలాడుతూ, మడత నలగకుండా వస్తాయి. ఆ తర్వాత గుండీ. చారల చొక్కాకి ఊడిపోయిన గుండీని ఎవరో అదే రంగు దారంతో, ముడి కనపడకుండా కుట్టారు.

"ఎవరు కుట్టారండీ?"

"నేనే," అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

సూదిలో దారం ఎక్కించడం రాని మనిషి! అక్కడ ఇంకో సంసారం ఉంటే తనూ, పాపా ఏమైపోవాలి?

కంటి డాక్టరు దగ్గరికని వంక పెట్టి అత్తగారు సోమవారం కొడుకుతో బస్సెక్కింది. మర్నాడు ఫోను చేసింది.

"గదికి ఆడగాలి కూడా సోకలేదమ్మాయ్. వంటా వాడే, ఉతుకుడూ వాడే."

"మరి గుండీ?"

"అదే కనుక్కుంటున్నా." వెనక ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. ఫోను టక్కున ఆగిపోయింది.

వారం దాటింది. కంట్లో చుక్కలు వేస్తున్నారంది అత్తగారు. ఇంకో వారానికి మాటలు పొడిపొడిగా అయిపోయాయి. తల్లీ కొడుకులు ఒక్కటయ్యారని కోడలు తేల్చేసుకుంది. పాపను పక్కింట్లో అప్పగించి నగరానికి వెళ్ళింది. అచ్చాఫీసు ఎదుట కాపు కాసి, భర్త బయటికి రాగానే వెనకే నడిచింది.

అతను మలుపు తిరిగిన వీధి చూసి ఆమె కాళ్ళు ఆగిపోయాయి. కాలనీకి రాకముందు వాళ్ళు ఏళ్ళ తరబడి అద్దెకున్న పాత వీధే అది. దర్జీ పనిచేసే పెద్దావిడ ఇంటి వరండాలో, కుట్టుమిషను పక్కనే పీట మీద కూర్చుని అత్తగారు చొక్కాలకు కాజాలు కుడుతోంది. భర్త ఆ ఇంటి మేడమెట్లు ఎక్కబోతున్నాడు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఎప్పుడొచ్చావే?" అంది అత్తగారు.

"గుండీ కుట్టింది ఈవిడా?"

"ఈవిడే. గది కూడా ఈవిడదే."

భర్త మెట్ల దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. "పట్టుబట్టి వదిలించిన ఈ వీధి పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తావని చెప్పలేదు."

"మీ సంగతి సరే. అత్తయ్యా, మీకేమైంది? మొదటిరోజే తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మర్నాడే వచ్చెయ్యమంటావని."

దర్జీ పెద్దావిడ మిషను తొక్కడం ఆపేసింది.

"పదండి, ఇంటికి వెళ్దాం. నానమ్మ కావాలని పాప అన్నం ముట్టడం లేదు."

"పాప బడికి పోయాక ఆ ఇంట్లో నాతో మాట్లాడేది సిమెంటు కలిపే మిషనేనమ్మా. ఈ కాజాలు కాస్త అవ్వనీ, వస్తా."

ఆ 'వస్తా' కోడలికి నమ్మకంగా వినపడలేదు. అయినా ఈసారి గుచ్చి అడగడానికి భయపడి బస్సెక్కేసింది.

భర్త శనివారం ఇంటికి వచ్చాడు, ఆ తర్వాతా ప్రతి శనివారం వస్తూనే ఉన్నాడు. అత్తగారు మాత్రం వేసవి మొదట్లో ఆ సోమవారం వెళ్ళిందే వెళ్ళడం. మళ్ళీ రాలేదు.