రెండు వందల పదమూడు ఇఫ్‌లు

ఆదిశేష ట్రావెల్స్ వాళ్ళ కంప్యూటర్లో ‘సీటివ్వు’ అనే ఫంక్షన్, అంటే ప్రోగ్రాం ముక్క, ఒకటుంది. ఏలూరు నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సుల్లో ఎవరికి ఏ సీటు ఇవ్వాలో తేల్చేది అదే. పద్నాలుగేళ్ళుగా దాన్ని ఉమామహేశ్ ఒక్కడే రాస్తున్నాడు. రాయడం పూర్తయిందని ఏనాడూ అనలేదు. బస్సులో ఏ రభస జరిగినా మర్నాడు పొద్దున్నే అందులో ఇంకో ఇఫ్ చేరేది. ఇఫ్ అంటే మరేం లేదు, ‘ఫలానాదైతే ఇలా చెయ్యి, కాకపోతే అలా చెయ్యి’ అని కంప్యూటర్‌కి చెప్పుకునే మాట.

మచ్చుకి ఆవకాయ ఇఫ్ ఉంది. ఒక ఎండాకాలం హనుమాన్ జంక్షన్‌లో ఎక్కిన వెంకటరావమ్మగారు పై బెర్తులో ఆవకాయ జాడీని పసిబిడ్డలా పక్కన పెట్టుకుని పడుకున్నారు. సూర్యాపేట దాటేసరికి నూనె కింది బెర్తుకి దిగింది. కింద ఉన్నాయన పెళ్ళిచూపులకి వెళ్తున్నాడు, అదీ తెల్లచొక్కాలో. ఆ సంబంధం ఏమైందో ఎవరికీ తెలియదుగానీ, ‘సామానులో పచ్చడి ఉంటే కింది బెర్తే’ అని మర్నాడే ఇఫ్ పడింది. కొండపల్లి బొమ్మల బుట్టతో ఇబ్రహీంపట్నంలో ఎక్కేవాళ్ళకి నడవ పక్క సీటు. గర్భిణికి వెనకచక్రం మీది సీటు ఇవ్వకూడదు. ఒకరి మీద ఒకరు కేసులు వేసుకున్న వియ్యంకులు ఒకే బస్సెక్కితే మధ్యన ఆరు వరసలుండాలి.

ఈ సంగతులన్నీ కంప్యూటర్‌కి ఎలా తెలుస్తాయంటారా? బుల్లెమ్మగారు చెబితే తెలుస్తాయి. గవర్నరుపేట ఆఫీసు ముందుగదిలో, కంప్యూటర్లు రాకముందు నుంచీ ఫోను దగ్గర కూర్చుంటున్న మనిషి ఆవిడ. టిక్కెట్టు అడిగినవాళ్ళ ఊరూ పేరూ, కాళ్ళనొప్పులూ, కూతురి పురుడూ అన్నీ కనుక్కుని టైపు చేసేది. ఏ రభసకి ఏ విరుగుడో కూడా ఆవిడే చెప్పేది. ఉమామహేశ్ పని దాన్ని ఇఫ్‌గా మార్చడం.

ఇలా ఉండగా యజమాని ఆదిశేషయ్యగారు ఏదో పెళ్ళిలో ఎవరి మాటో విని, సాత్విక్ అనే కుర్రాణ్ణి క్వాలిటీ హెడ్‌గా తెచ్చి నెత్తిన పెట్టుకున్నారు. ఆ అబ్బాయి తనతోపాటు ఒక టూల్ తెచ్చాడు. కోడ్ ఎంత చిక్కుపడిందో అది అంకె వేసి చూపిస్తుంది. ఒకటితో మొదలుపెట్టి, ఇఫ్ కనబడినప్పుడల్లా ఒకటి కలుపుకుంటూ పోతుంది. పది దాటితే ఎరుపు. ‘సీటివ్వు’ మీద దాన్ని నడిపిస్తే రెండు వందల పద్నాలుగు వచ్చింది.

“ఉమామహేశ్ గారూ, ఇది ఫంక్షనా, రచ్చబండ పంచాయితీయా?” అన్నాడు సాత్విక్.

ఆదిశేషయ్యగారికి కోడ్ తెలియదుగానీ అంకెలు బాగా తెలుసు.

“రెండొందల పద్నాలుగా! మొన్న పరగడుపున నా షుగరూ అంతేనయ్యా. డాక్టరు చెడామడా తిట్టాడు. అన్నం మానేసి నూట నలభైకి దింపాను. నువ్వెందుకు దించలేవు?”

“అవన్నీ అవసరమైనవేనండి.”

“అన్నం కూడా అవసరమేగా? మానలేదా నేను?”

నెలాఖరుకి అంకె పదిలోపుకి దిగకపోతే ‘సీటివ్వు’ని తీసేసి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొంటామని సాత్విక్ ఎంతో మర్యాదగా చెప్పాడు. అలా కొన్నాక ఉమామహేశ్ ఎందుకన్నది చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. ఉమామహేశ్‌కి నలభై ఆరేళ్ళు. ఈ ఒక్క ఫంక్షన్ తప్ప చేతిలో ఇంకో విద్య లేదు. దీన్ని చూపించి ఇంకోచోట ఉద్యోగం అడిగితే నవ్విపోతారు.

మొదట అందరూ చేసే పనే చేశాడు. ఫంక్షన్‌ని ముప్ఫై ముక్కలు చేశాడు. ఏ ముక్కకీ పది దాటలేదు. తెర మీద ముప్ఫై పచ్చచుక్కలు చూసి సాత్విక్ టీ తెప్పించాడు. కానీ టీ చల్లారకముందే టూల్‌లో ‘మొత్తం’ అనే గడి ఆ అబ్బాయి కంట పడింది. ముక్కకొకటి చొప్పున పెరిగి మొత్తం రెండు వందల నలభై మూడైంది. కత్తి పెట్టినందుకు రోగం ముదిరిందని ఆదిశేషయ్యగారు బాధపడ్డారు.

ఇక నిజంగానే తీసేద్దామని ఇఫ్‌లన్నీ కాగితం మీదికి అచ్చు వేయించుకుని బుల్లెమ్మగారి పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కటీ చదవడం, ఉంచాలా తీయాలా అని అడగడం. నాలుగురోజులు కూర్చుంటే తేలినవి మూడు. అందులో రెండు, ఎప్పుడో అమ్మేసిన బస్సువి. మూడోది హనుమయ్య మాస్టారిది. ఆయనకి కుడిచెవి వినపడదు. కుడివైపు కిటికీ పక్కన కూర్చోబెడితే వినపడే చెవి నడవ వైపుంటుంది, ఊరొచ్చిందని పిలిస్తే తెలుస్తుంది. దాని కోసం ఒక ఇఫ్.

“మాస్టారు పోయి రెండేళ్ళయింది నాయనా. తీసెయ్,” అని బుల్లెమ్మగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. పద్నాలుగేళ్ళుగా తను రాస్తున్నది కోడ్ అనుకున్నాడు ఉమామహేశ్, ఇంతమంది మనుషులని అనుకోలేదు.

అనుకుని ఏం లాభం, గడువు దగ్గరపడింది. కారణం రాసిలేని ఇఫ్‌లు పన్నెండింటిని సాత్విక్ ఎర్రసిరాతో చుట్టాడు. పన్నెండు పోయినా పదిలోపుకి రాదని ఉమామహేశ్‌కి తెలుసు. అయినా భయం ఊరుకోనివ్వలేదు. బుల్లెమ్మగారిని అడగకుండానే అన్నీ తీసేశాడు. అందులో ఒకటి: ‘మంగళవారం, యేసుకుమార్, ఇబ్రహీంపట్నం అయితే మూడో నంబరు సీటు.’

బుధవారం పొద్దున బుల్లెమ్మగారు అగ్గి మీద గుగ్గిలంలా అతని టేబుల్ దగ్గరికొచ్చింది.

“యేసుకుమార్‌కి మూడో నంబరు ఎవడు తీసేశాడు?”

“కారణం రాసి లేదండీ...”

“నేను చెప్పాను, నువ్వే రాయలేదు. పన్నెండేళ్ళ పిల్లకి కాలు ఆపరేషనయ్యి, వారంవారం హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. కాలు చాపుకునే చోటు ఆ ఒక్క సీటు దగ్గరే ఉంది. నిన్న ఇరవై ఏడో నంబరిచ్చింది నీ కంప్యూటరు. దారిపొడుగునా పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాట్ట. తిట్టను కూడా లేదు నన్ను. ‘ఈసారి చూడండమ్మా’ అన్నాడు. అయినా ఆ పెట్టెనడిగే బదులు నన్నడిగి చావచ్చుగా సీట్లు!”

ఉమామహేశ్ సిగ్గుతో చచ్చిపోయాడు. తల వంచుకుని కూర్చున్నవాడు, ఆవిడ ఆఖరిమాట చెవిలో పడగానే తలెత్తి ఆవిడ వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ‘సీటివ్వు’లో ఉన్నదంతా తీసేసి ఒక్క లైను రాశాడు. ఆ లైను చేసే పని ఇది: టిక్కెట్టు అడిగినవారి వివరాలు బుల్లెమ్మగారి ఫోనుకి పంపుతుంది, ఆవిడ ఏ నంబరు కొడితే ఆ సీటు ఇస్తుంది. ఇఫ్ అన్నది మచ్చుకి కూడా లేదు.

టూల్ నడిచింది. అంకె ఒకటి. పచ్చరంగు.

సాత్విక్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. “లాజిక్ అంతా ఎక్కడికెళ్ళింది?”

“ఎక్స్‌టర్నల్ సర్వీసులోకండి.”

“ఆ సర్వీసు కాంప్లెక్సిటీ ఎంత?”

ఉమామహేశ్ అద్దంలోంచి ముందుగదిలోకి చూశాడు. బుల్లెమ్మగారు ఒక ఫోను చెవికి పెట్టుకుని, ఇంకో ఫోను మీద సీట్లు కొడుతూ, ముడిలో దోపుకున్న పెన్సిల్ కోసం టేబులంతా వెతుకుతోంది.

“మీ టూల్ దాన్ని కొలవలేదండి,” అన్నాడు.

“కొలవక్కర్లేదు. మన కోడ్ కాదుగా!” అన్నాడు సాత్విక్ ఆనందంగా.

శుక్రవారం ఆఫీసులో పులిహోర పంచారు. ఆదిశేషయ్యగారు సాత్విక్‌కి శాలువా కప్పారు. నెల తిరక్కుండా రెండు వందల పద్నాలుగు నుంచి ఒకటికి దిగిన గీత గోడ మీద పడింది, జ్వరం తగ్గినట్టు. ఉమామహేశ్ వెనకవరసలో పులిహోర తింటూ, ఉద్యోగం దక్కిందని చాలారోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఒక్కటే లైనా?” ఆదిశేషయ్యగారు తెర దగ్గరికెళ్ళి వేలు పెట్టి మరీ చూశారు. “ఇందులో ఇంకేమన్నా రాయాల్సింది ఉందా?”

“లేదు సర్. ఇక దీన్ని ముట్టుకునే పనే ఉండదు,” అన్నాడు సాత్విక్.

“మరైతే ఉమామహేశ్ ఏం చేస్తాడు?”

సాత్విక్ టూల్ వంక చూశాడు. ఇలాంటివాటికి అందులో గడి లేదు. తనని తానే ఒక్క లైనుకి కుదించుకున్న సంగతి అప్పటికిగాని ఉమామహేశ్‌కి తట్టలేదు.

అప్పుడే తలుపు తోసుకుని బుల్లెమ్మగారు లోపలికొచ్చింది. రెండు చేతుల్లోనూ రెండు ఫోన్లు మోగుతున్నాయి.

“బాబుగారూ, పొద్దుట్నించి తొంభై సీట్లు కొట్టాను. పులిహోర మాట అలా ఉంచండి, మంచినీళ్ళు తాగే తీరిక లేదు. ఈ జనం సంగతులన్నీ తెలిసిన మనిషినొకణ్ణి నా పక్కన కూర్చోబెడతారా, లేదంటే రేపట్నించి మానెయ్యమంటారా?”

అందరి తలలూ వెనకవరస వైపు తిరిగాయి.

సోమవారం నుంచి ఉమామహేశ్ ముందుగదిలో, బుల్లెమ్మగారి పక్క కుర్చీలో. చెవికి హెడ్‌ఫోను, మెడలో కొత్త కార్డు. దాని మీద హోదా ‘ఎక్స్‌టర్నల్ సర్వీస్–2’ అని అచ్చు వేయించాడు సాత్విక్. ఎక్స్‌టర్నల్ అన్నాక కంపెనీ మనిషి కాదు గనక కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆ అబ్బాయి మాత్రం ఈ విజయగాథ చెప్పడానికి హైదరాబాదులో ఏదో సదస్సుకి వెళ్ళాడు, మన బస్సులోనే. వెనకచక్రం మీద సీటిచ్చింది బుల్లెమ్మగారు. టిక్కెట్టు పంపింది ఉమామహేశ్.

మొదటి ఫోను మోగింది.

“అమ్మగారూ, ఇబ్రహీంపట్నం నుంచి యేసుకుమార్‌నండి. మంగళవారానికి...”

“మూడో నంబరేనండి, పెట్టేశాను,” అన్నాడు ఉమామహేశ్. “కిందటిసారి తప్పు నాదేనండి. పాప కాలు ఎలా ఉంది?”

“పర్లేదండి, కర్ర పట్టుకుని నడుస్తోంది. మీరెవరండీ? ఎప్పుడూ మీ గొంతు వినలేదే?”

“నేను పాతవాణ్ణేనండి. ఇన్నాళ్ళూ లోపల కంప్యూటర్లో ఉండేవాణ్ణి,” అన్నాడు ఉమామహేశ్.