అడ్డు కుర్చీ

ఆ బ్యాంకు రిస్క్ విభాగంలో ఒక ఆచారం ఉంది. పెద్ద అప్పు ఏదైనా మంజూరుకి వస్తే, బల్ల చివర కుర్చీలో ఒకరు కూర్చుని దానికి అడ్డు చెప్పాలి. మనసులో ఎంత నచ్చినా సరే, చెప్పి తీరాలి. కుర్చీ దిగాక ఆ మాటలు ఎవరూ ఎత్తకూడదు, మొహాలు మాడ్చుకోకూడదు. ఆ కుర్చీలో ఎక్కువసార్లు కూర్చున్న మనిషికి అందరూ కలిసి అడ్డుపుల్ల అని పేరు పెట్టారు. ఆమెకూ ఆ పేరంటే లోలోపల ముచ్చటే. అడ్డుపుల్ల నోరు తెరిచిందంటే అప్పు అడిగినవాడి జాతకం మొత్తం బయటపడాల్సిందే.

ఇంత నోరున్న మనిషికి పై ఉద్యోగం మాత్రం అందలేదు. రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. రెండోసారైతే, నిన్నగాక మొన్న చేరి, ఈమె దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి ఎగరేసుకుపోయింది. ఆ పిల్లకి రిస్క్ మేనేజ్‌మెంట్‌లో పీజీ ఉంది, ఈమెకు ఉత్త డిగ్రీ. విభాగం పెద్దాయన నీళ్లు నమలకుండా చెప్పేశాడు.

"ఎవరో కట్టిన లెక్కలో తప్పు పట్టడం నీకు వచ్చమ్మా. ఏ అప్పు మునుగుతుందో ముందే చెప్పే లెక్కని సొంతంగా కట్టడం రాదు. అది నేర్చుకుని రా, అప్పుడు నిన్ను ఆపేవాడెవడో నేనూ చూస్తాను."

ఒళ్లు మండింది. కాని అన్నది నిజం. రెండు చోట్ల దరఖాస్తు పెడితే రెండు చోట్లా సీటొచ్చింది. ఒకటి ఉన్న ఊళ్లోనే, శని ఆదివారాల చదువు. అక్కడ ఎవరో కట్టిన లెక్కలు వాడటం నేర్పుతారు, అంతే. రెండోది వేరే ఊళ్లో, సెలవు పెట్టి రెండేళ్లు పూర్తిగా కూర్చుని చదవాలి. అక్కడ కట్టడమే నేర్పుతారు. ఏ సంగతీ మర్నాటికల్లా తేల్చి చెప్పాలి.

ఆమె మనసు ఎటు మొగ్గిందో చెప్పక్కర్లేదు. అయినా అలవాటు పోతుందా! వయసు, ఫీజు, మరిచిపోయిన గణితం, తిరిగొచ్చాక ఉద్యోగం, అన్నీ తిప్పి తిప్పి చూసుకుంది. ఇక మిగిలింది అడ్డు కుర్చీ ఒక్కటే. ఇంట్లో ఆ కుర్చీ ఎక్కగలిగింది అక్క ఒక్కతే.

అక్క పళ్ల సెట్లు తయారుచేస్తుంది. ముందుగదే ఆమె పనిచోటు. తల్లి పోయాక చెల్లెల్ని చదివించిందీ, ఉద్యోగానికి పంపిందీ ఆమే. చెల్లెలు ఏమడిగినా ఆమెది ఒకటే మాట, "నీ ఇష్టమే".

"అక్కా, ఆ పళ్లు అవతల పెట్టి నా మాట విను."

"రేపు పొద్దున ఒక ముసలాయన వీటితో నవ్వాలే. చెప్పు, చెవులు ఖాళీగానే ఉన్నాయి."

చెల్లెలు ఆచారం వివరించింది.

"అంటే ఉత్తుత్తి గొడవా?"

"ఉత్తుత్తిదే. కాని గట్టిగా వెయ్యాలి. తర్వాత ఎవరూ ఎత్తకూడదు."

"అయితే కాచుకో" అంది అక్క, సెట్టు చిగుళ్లు ఆకురాయితో గీకుతూ. "అలారం మోగితే నేను లేస్తాను గాని నువ్వు లేస్తావా? మూతిమీద మీసమైనా రాని పిల్లల పక్కన కూర్చుంటావా? నీకు లెక్కలెక్కడ గుర్తున్నాయి?"

"ఆర్నెల్లనుంచి మళ్లీ చేస్తున్నా."

"తిరిగొచ్చేసరికి నీ కుర్చీలో ఇంకొకరుంటే?"

"కాగితం రాయించుకున్నా."

"జ్వరమొస్తే?"

"డాక్టర్లు అక్కడా ఉంటారే అక్కా! ఇంకేదైనా గట్టిది వెయ్యి."

అక్క సెట్టుమీది పొడి ఊదింది. తలెత్తలేదు.

"నువ్వు లేకపోతే నాకిక్కడ తోచదే. పొద్దంతా ఎవరివో పళ్లు ముందేసుకుని కూర్చుంటాను. నువ్వొచ్చాకే నేను నోరు విప్పేది. రెండేళ్లంటే నాకు భయంగా ఉంది."

ఏ అప్పు వచ్చినా అడ్డుపుల్ల మొదట అడిగే ప్రశ్న, ఇది మునిగితే ఎవరు మునుగుతారు అని. తన విషయంలో మాత్రం అది అడగనేలేదు. మునిగేది తానొక్కతే అని ముందే అనేసుకుని, మిగతా లెక్కలన్నీ దానిమీద కట్టుకుంటూ పోయింది.

"ఏం, బాగా వేశానా?" అక్క నవ్వుతూ లేచింది. "దిగిపోయాను. ఇక ఎత్తకూడదుగా." అని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిజమే, ఎత్తకూడదు. నోరు మూసుకుని, రేపు సరేనని చెప్పి, పెట్టె సర్దుకుని వెళ్లిపోతే తప్పుపట్టేవాళ్లే లేరు. పైగా, సిగ్గుచేటు గాని, అంత మాట విన్నాక కూడా ఆమెకు వెళ్లాలనే ఉంది. ఆ కోరిక రవ్వంత కూడా తగ్గలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది. లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"అక్కా, ఇందాక అన్నది నిజమేనా?"

"ఎత్తకూడదన్నావు."

"ఎత్తుతున్నా."

అక్క స్టవ్ మంట తగ్గించింది.

"నిజమే."

"అయినా నేను వెళ్తానే" అంది చెల్లెలు.

"వెళ్లవే. నిన్నెవరాపారు?" అక్క గ్లాసులు అందుకుంటూ అంది. "కాని అక్కకేం, హాయిగా ఉంటుందిలే అనుకుని మాత్రం వెళ్లకు."